ఏడేళ్ల శిక్ష అయిదున్నరేళ్లకు ముగిసిందంటే: వలస జైళ్లలో రెమిషన్ లెక్క

మీరు అడిగింది ఇది. మీ ముత్తాతగారికి 1920ల చివర్లో, తూర్పు గోదావరి జిల్లాలో పొలం గట్టు దగ్గర జరిగిన కొట్లాటలో మనిషి చనిపోయిన కేసులో, ఏడేళ్ల కఠిన కారాగార శిక్ష పడింది. రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉండి అయిదున్నరేళ్లకే ఇంటికి వచ్చారు. ఇప్పుడు హైదరాబాదులో స్థిరపడిన మీ కుటుంబంలో ఒక పెద్దాయన, తెల్లదొరలకు క్షమాపణ పత్రం రాసిచ్చి వచ్చారని అంటున్నారు. మరొకరు సత్ప్రవర్తన చూసి వదిలేశారని అంటున్నారు. రెండింటిలో ఏది నమ్మదగింది అన్నది మీ సందేహం.

జైళ్ల శాఖ రికార్డు విభాగంలో పనిచేసి, పదవీ విరమణ తరువాత తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పాత కాగితాలు చదువుకుంటున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. క్షమాపణ పత్రం అవసరమే లేదు. ఆనాటి నిబంధనల ప్రకారమే ఏడేళ్ల శిక్ష అయిదున్నరేళ్లకు ముగియవచ్చు. అయితే గొడవ పడకుండా ఉండి, అప్పగించిన పని పూర్తిచేసినంత మాత్రాన అంత తగ్గింపు రాదు. ఆ మిగతా తగ్గింపు వెనుక జైలు ఆయన చేత చేయించుకున్న మరొక పని ఉండి ఉండాలి. మీ కుటుంబానికి తెలియవలసిన అసలు విషయం అదేనని నా నమ్మకం. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

శిక్షాకాలాన్ని పనితోనూ నడవడికతోనూ తగ్గించుకోవచ్చన్న రెమిషన్ పద్ధతి ఇంగ్లండు జైళ్లలో కన్నా ముందు వలసల్లోనే రూపుదిద్దుకుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో గవర్నర్ ఫిలిప్ గిడ్లీ కింగ్ 1801లోనే టికెట్ ఆఫ్ లీవ్ ఇవ్వడం మొదలుపెట్టాడు. అది ఉన్న ఖైదీ శిక్ష ముగియకముందే తన బతుకు తాను సంపాదించుకోవచ్చు, కానీ నిర్ణీత ప్రాంతం దాటి వెళ్లకూడదు. ఆస్ట్రేలియాకు తూర్పున పసిఫిక్ సముద్రంలోని నార్ఫోక్ దీవిలో 1840 నుంచి 1844 వరకు సూపరింటెండెంటుగా ఉన్న అలెగ్జాండర్ మకనోకీ ఈ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకువెళ్లాడు. శిక్షను సంవత్సరాల్లో కాక మార్కుల్లో కొలవాలనీ, కష్టపడి పనిచేసి అన్ని మార్కులు సంపాదించిన రోజున ఖైదీని వదిలేయాలనీ అతని వాదన. తాళంచెవి ఖైదీ చేతికే ఇవ్వడం అతని ఉద్దేశం. పైవాళ్లకు అది మెతకదనంగా కనిపించి అతన్ని తప్పించారు కానీ మార్కులు మాత్రం మిగిలిపోయాయి. 1850లలో ఐర్లండులో వాల్టర్ క్రాఫ్టన్ వాటిని మెట్లు మెట్లుగా అమర్చాడు. ఇందులో నాకు ముఖ్యంగా తోచేదొకటుంది. మకనోకీ కలలో మార్కులు విడుదలకు దారి. తరువాతి ప్రభుత్వాల చేతిలో అవి జైలును తక్కువ ఖర్చుతో నడిపే పనిముట్టు అయ్యాయి.

మన దేశపు ఖైదీలకు ఇలాంటి మెట్లు మొదట సముద్రం అవతల పరిచయమయ్యాయి. సుమత్రా దీవిలోని బెంకూలెన్‌కు 1818లో లెఫ్టినెంట్ గవర్నరుగా వెళ్లిన రాఫిల్స్, భారతదేశం నుంచి అక్కడికి పంపిన ఖైదీలను మూడు తరగతులుగా విడదీశాడు. మంచివారని పేరు తెచ్చుకున్నవారు భూమి మీద స్థిరపడవచ్చు, కోర్టులో సాక్ష్యం చెప్పవచ్చు. మధ్య తరగతివారు మామూలు కూలిపని చేయాలి. చెడ్డవారని ముద్ర పడినవారిని మాత్రం రాత్రి తాళం వేసి ఉంచేవారు. ఆ తరువాత మద్రాసు, బెంగాల్, బొంబాయి ప్రెసిడెన్సీల నుంచి వెళ్లిన ద్వీపాంతర ఖైదీలతోనే సింగపూర్ రోడ్లు వేశారు, సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్ కట్టారు. అక్కడ తరగతులు ఆరు. పైన టికెట్ ఆఫ్ లీవ్ వారు, వారి కింద ఖైదీల నుంచే ఎంపికచేసిన చిన్న అధికారులు ఉండేవారు. తోటి ఖైదీలను పనికి నడిపించే టిండాలు, జమాదారు కూడా ఖైదీలే. ఆ రెండో తరగతిని గుర్తుంచుకోండి. మీ ముత్తాతగారి కథకు కీలకం అక్కడే ఉంది.

అండమాన్‌లో 1858లో మొదలైన శిక్షా స్థావరంలో ఇదే నిచ్చెన మరింత పొడవైంది. 1900 నాటికి యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడిన మగ ఖైదీ మొదటి ఆరు నెలలు ఒంటరి సెల్‌లోనూ, తరువాతి ఏడాదిన్నర ఇతరులతో కలిసి జైలులోనూ గడపాలి. ఆ పైన మూడేళ్లు పగలు ముఠాలో పనిచేసి రాత్రి బ్యారక్‌లో బందీగా ఉండాలి. అంతవరకు ప్రతిఫలం ఏమీ ఉండదు. తరువాతి అయిదేళ్లలో తేలిక పనికి, చిన్నపాటి పెత్తనపు పదవికి అర్హత వస్తుంది, చిల్లర ఖర్చులకు కొద్ది భత్యం దొరుకుతుంది. ఇలా పదేళ్లు గడిచాక టికెట్ పుచ్చుకుని ఊళ్లో ఉండి సేద్యం చేసుకోవచ్చు, పశువులను పెంచుకోవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు లేదా స్వదేశం నుంచి కుటుంబాన్ని పిలిపించుకోవచ్చు. కానీ అనుమతి లేకుండా స్థావరం దాటరాదు, పని మానరాదు. నడవడిక బాగుందని ఒప్పుకుంటే మొత్తం 20 నుంచి 25 ఏళ్లకు పూర్తి విడుదల లభించవచ్చు. ఈ నిచ్చెన అందరికీ ఒకేలా అందలేదు. 1857 జులై 17న మన కోఠీ రెసిడెన్సీ మీద దాడిని తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి నడిపిన మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్‌కే పంపారు. ఆయన హైదరాబాదుకు తిరిగి రాలేదు, అక్కడే కన్నుమూశారు. రాజ్యానికి ఎదురు తిరిగినవాడి విషయంలో మంచి నడవడిక అంటే ఏమిటో తేల్చవలసింది కూడా ఆ రాజ్యమే కదా.

ఇక రాజమండ్రి వంటి జైళ్ల సంగతి. బ్రిటిష్ ఇండియా అంతటికీ వర్తించిన 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్ రెమిషన్ పద్ధతిని నిర్వచనాల్లోనే చేర్చింది. ఖైదీలకు మార్కులు ఇవ్వడాన్ని, దాని ఫలితంగా శిక్ష తగ్గడాన్ని నియంత్రించే నిబంధనలే రెమిషన్ పద్ధతి అని మూడో సెక్షన్ చెబుతుంది. ఎంత తగ్గించాలన్నది చట్టంలో లేదు, నిబంధనలకు వదిలేశారు. అందువల్ల అంకెలు ప్రెసిడెన్సీని బట్టి, సంవత్సరాన్ని బట్టి మారుతూ వచ్చాయి. అయినా తరువాతి కాలపు జైలు మాన్యువళ్లలో ఎక్కువగా కనిపించే లెక్క ఒకటుంది. మీ సందేహానికి దాన్నే కొలబద్దగా తీసుకుంటాను.

ఆ లెక్క ప్రకారం, జైలు నిబంధనలన్నీ శ్రద్ధగా పాటించినందుకు నెలకు 2 రోజులు, ఇచ్చిన పనిని ఏ రోజుకారోజు పూర్తిచేసినందుకు మరో 2 రోజులు తగ్గుతాయి. ఏడాది పొడవునా ఒక్క జైలు నేరం కూడా నమోదు కాకపోతే అదనంగా 15 రోజులు. కొద్ది నెలల చిన్న శిక్షలకు ఇది వర్తించదు. సాధారణ కారాగార శిక్ష పడినవారు తాముగా పని కోరుకుంటే తప్ప వారికీ వర్తించదు. మొత్తం తగ్గింపు శిక్షాకాలంలో నాలుగో వంతు దాటకూడదు.

ఇప్పుడు కూడి చూడండి. ఏడేళ్లంటే సుమారు 2,556 రోజులు. మామూలు ఖైదీకి ఏడాదికి నెలసరి తగ్గింపు 48, వార్షిక తగ్గింపు 15, కలిపి 63 రోజులు. ఏ మచ్చా లేకుండా గడిపినా అతను బయటికి వచ్చేది దాదాపు ఆరేళ్లకు. మీ ముత్తాతగారు అయిదున్నరేళ్లకు, అంటే సుమారు 2,009 రోజులకు వచ్చారు కాబట్టి ఆయనకు 547 రోజుల తగ్గింపు దక్కి ఉండాలి. ఆ 66 నెలల్లో మామూలు లెక్కన వచ్చేది 264, వార్షికం అయిదేళ్లకు 75, మొత్తం 339 రోజులే. నాలుగో వంతు పరిమితి అంటే 639 రోజులు కనుక 547 నిబంధన దాటలేదు. మరి మిగిలిన 208 రోజులు ఎక్కడి నుంచి వచ్చాయి?

వాటికి దారులు రెండే. మొదటిది ఖైదీ అధికారి పదవి. మూడు స్థాయిలుండేవి. రాత్రి బ్యారక్‌లో మేల్కొని కాపలా కాసే నైట్ వాచ్‌మన్‌కు నెలకు 4కు బదులు 5 రోజులు, పగలు ముఠాను పని చేయించే కన్విక్ట్ ఓవర్‌సీర్‌కు 6 రోజులు, జీతం తీసుకునే వార్డరుకు సాటిగా నిలబడే కన్విక్ట్ వార్డరుకు 8 రోజులు. మీ ముత్తాతగారు మొదటి రెండేళ్లు మామూలు ఖైదీగా, తరువాత ఏడాదిన్నర ఓవర్‌సీర్‌గా, చివరి రెండేళ్లు వార్డరుగా ఉన్నారనుకుంటే నెలసరి తగ్గింపు 96, 108, 192 కలిసి 396 అవుతుంది. వార్షికంతో కలిపి 471. ఇంకా 76 రోజులు కావాలి.

వాటికి రెండో దారి ఉంది, అది ప్రత్యేక రెమిషన్. సూపరింటెండెంటు తన అధికారంతో ఏడాదికి 30 రోజుల వరకు దీన్ని ఇవ్వగలిగేవాడు. దేనికి ఇవ్వవచ్చో మాన్యువల్‌లో జాబితా ఉంటుంది, అది చదివితే ఆ జైలుకు ఏం కావాలో తెలిసిపోతుంది. తోటి ఖైదీలకు చేతిపని నేర్పినందుకు, పనిలో ప్రత్యేక నైపుణ్యం చూపినందుకు లేదా ఉత్పత్తిని బాగా పెంచినందుకు, అధికారిని దాడి నుంచి కాపాడినందుకు, అగ్నిప్రమాదంలోనో తిరుగుబాటులోనో సాయపడినందుకు ఇవ్వవచ్చు. ఒంటి మీది బట్టలు త్వరగా చిరగకుండా పొదుపుగా వాడుకున్నందుకు కూడా ఇవ్వవచ్చు. జైలు క్రమశిక్షణ ఉల్లంఘనలను కనిపెట్టడంలో, ఆపడంలో సహకరించినందుకు కూడా. ఈ చివరిది ఎంత సౌమ్యంగా రాసినా దాని అర్థం తోటివారి మీద సమాచారం ఇవ్వడమేనని జైల్లో అందరికీ తెలుసు.

కాబట్టి మీ ప్రశ్నకు నిజాయితీగా చెప్పగలిగింది ఇది. మీ ముత్తాతగారు ఎవరి ముందూ క్షమాపణ రాసిచ్చి ఉండనవసరం లేదు. కానీ ఆయన చాలా కాలం తోటి ఖైదీల మీద పెత్తనం చేసే స్థానంలో ఉండి ఉంటారు. నేను ఆయనను నిందించడం లేదు. ఇంటి దగ్గర భార్యాపిల్లలు ఎదురుచూస్తుంటే నెలకు రెండు రోజులు, నాలుగు రోజులు ఎక్కువ వచ్చే పదవిని కాదనగలిగేవారు ఎందరుంటారు? ఆ పదవి ఆయన చేత ఏం చేయించిందో కుటుంబం తెలుసుకోవాలి, అంతే.

ఎందుకంటే మార్కుల పద్ధతిలో అసలు బరువు అక్కడే పడేది. 1894 ప్రిజన్స్ యాక్ట్ 35వ సెక్షన్ కఠిన శిక్ష పడిన ఖైదీ చేత అత్యవసరం తప్ప రోజుకు 9 గంటలకు మించి పని చేయించరాదంటుంది. పదిహేను రోజులకొకసారి బరువు చూసి అతని హిస్టరీ టికెట్ (ఖైదీ వివరాలు రాసే చీటీ) మీద రాయించమని మెడికల్ ఆఫీసరుకు చెబుతుంది. ఆరోగ్యాన్ని బట్టి పనిని కఠినం, మధ్యమం, తేలిక అని విభజించేవారు. కాగితం మీద ఇదంతా చక్కగానే ఉంది. కానీ ఏ రోజుకారోజు పని పూర్తయిందా లేదా అని ముందుగా చూసేది ముఠా దగ్గర నిలబడ్డ ఓవర్‌సీర్, అంటే మరో ఖైదీ. అతను పని తగ్గిందన్నాడంటే ఇతని 2 రోజులు పోవచ్చు. పోకుండా ఉండాలంటే అతన్ని మంచి చేసుకోవాలి. అండమాన్ సెల్యులర్ జైల్లో గానుగ తిప్పి రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయమన్న పని గురించి రాజకీయ ఖైదీలు రాసుకున్న జ్ఞాపకాల్లో జైలర్ కన్నా ఎక్కువ భయపెట్టేది ఈ ఖైదీ అధికారులే. ఒకరి రోజులు తగ్గడం మరొకరి రోజుల మీద ఆధారపడేలా అల్లిన ఏర్పాటు ఇది. తెల్ల అధికారులు పిడికెడు మందే ఉన్నా వేల మంది ఖైదీలున్న జైలు నడిచిందంటే కారణం ఇదే.

చట్టం ఆ పదవికి గట్టి కవచం కూడా తొడిగింది. 23వ సెక్షన్ ప్రకారం జైలు అధికారిగా నియమితుడైన ఖైదీ శిక్షాస్మృతి దృష్టిలో ప్రభుత్వోద్యోగి. అతని మీద చెయ్యి చేసుకున్న తోటి ఖైదీ ప్రభుత్వోద్యోగి మీద దాడి చేసినవాడవుతాడు. ఇక 46వ సెక్షన్ కింద సూపరింటెండెంటు విధించగల శిక్షల్లో హెచ్చరిక, మరింత కష్టమైన పనికి మార్చడం, సంకెళ్లు, ఒంటరి నిర్బంధం, గరిష్ఠంగా 30 కొరడా దెబ్బలతో పాటు రెమిషన్ సదుపాయాలు పోగొట్టడం కూడా ఉంది. సంపాదించుకున్న రోజులను ఒక్క ఫిర్యాదుతో పోగొట్టవచ్చు. ఇది ఖైదీకి కొరడా కన్నా ఎక్కువ గుచ్చుకునేదని నా అనుభవంలో తేలిన మాట. దెబ్బ నొప్పి మానుతుంది, కానీ విడుదల తేదీ ఆలస్యమైందంటే ములాఖత్‌కు వచ్చిన ఇంటివాళ్లకు ఏం చెప్పాలో తోచదు.

సర్ అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన పనిచేసిన 1919–20 నాటి ఇండియన్ జెయిల్స్ కమిటీ జైలు లక్ష్యం భయపెట్టడమే కాదు, మనిషిని సంస్కరించడం కూడా అని ప్రకటించింది. ఖైదీల చేత ఖైదీలను కాపలా కాయించడాన్ని తప్పుపట్టింది. అయినా ఆ పదవులు అంత తేలిగ్గా పోలేదు. జీతం ఇచ్చి వార్డర్లను పెట్టుకోవాలంటే డబ్బు కావాలి, రోజులు తగ్గించడానికి ఖజానా నుంచి పైసా తీయనక్కరలేదు.

మీ కుటుంబంలోని ఆ పెద్దాయన క్షమాపణ అని ఎందుకు అనుకున్నారో కూడా ఊహించగలను. నిబంధనల ప్రకారం సంపాదించుకునే రెమిషన్ వేరు, ప్రభుత్వం తన ఇష్టం మీద చేసే తగ్గింపు వేరు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 401వ సెక్షన్ కింద ప్రభుత్వం ఏ శిక్షనైనా మొత్తంగానో కొంతగానో తగ్గించవచ్చు. విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించిన 1877 నాటి ఢిల్లీ దర్బారు సందర్భంగానూ, 1911 దర్బారులోనూ ఇలాంటి విడుదలలు పెద్ద ఎత్తున జరిగాయి. 1919 డిసెంబరు నాటి రాజ ప్రకటన వల్ల చాలామంది రాజకీయ ఖైదీలు బయటికి వచ్చారు. వీటిలో కొన్నిటికి అర్జీ ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఊళ్లో మాత్రం తొందరగా వచ్చిన ప్రతివాడూ కాళ్లు పట్టుకుని వచ్చినవాడే అయ్యాడు.

నిర్ణీత కాలపు శిక్ష పడిన మీ ముత్తాతగారికి ఈ లెక్క ఉపయోగపడింది. యావజ్జీవ శిక్ష పడినవారికి ఇదే లెక్క ఒక ఆశగా మిగిలి, చివరికి చెల్లకుండా పోయింది. శిక్షాస్మృతి 57వ సెక్షన్, శిక్షలో సగం, పావు వంటి భాగాలు లెక్కకట్టడం కోసం యావజ్జీవాన్ని 20 ఏళ్లుగా పరిగణించమనేది. దాన్ని చూసి 20 ఏళ్లలోంచి రెమిషన్ తీసేస్తే విడుదల తేదీ వస్తుందని ఖైదీలు నమ్మారు. భగత్ సింగ్ మీద నడిచిన లాహోర్ కుట్ర కేసులో శిక్షపడిన కిశోరీ లాల్ 1945లో, ఆనాడు అత్యున్నత న్యాయస్థానమైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లారు. 20 ఏళ్లే అనుకున్నా విడుదలకు సరిపడా రెమిషన్ ఆయన సంపాదించలేదంటూ వారు అసలు ప్రశ్నను దాటవేశారు. స్వాతంత్ర్యం వచ్చాక 1961లో, గాంధీ హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడిన గోపాల్ గోడ్సే, తనకు 2,963 రోజుల రెమిషన్ ఉందంటూ సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు దానికి జవాబు వచ్చింది. ఆ తీర్పు రాసింది మన రాజమండ్రిలో పుట్టి, హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు. యావజ్జీవం అంటే మిగిలిన జీవితమంతా అనీ, రెమిషన్ ఎంత పోగైనా ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే తప్ప విడుదల హక్కుగా రాదనీ ఆయన తేల్చారు. హత్య వంటి మరణశిక్షార్హమైన నేరాలకు యావజ్జీవం పడితే కనీసం 14 ఏళ్లు జైల్లో గడపాలన్న నిబంధన 1978లో చట్టంలో చేరింది. ఇప్పుడు అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 475వ సెక్షన్‌లో ఉంది. పద్నాలుగేళ్లు కాగానే తలుపు తెరుస్తారనే అపోహ ఇప్పటికీ చాలా కుటుంబాల్లో వింటుంటాను, అది సరికాదు.

హైదరాబాదులోనే ఉన్నారు కాబట్టి ఇంకొక్క జాగ్రత్త. ఇక్కడి పాత జైళ్ల లెక్క వేరు. 1876లో కట్టిన చంచల్‌గూడ జైలు నిజాం ప్రభుత్వానిది, అక్కడ నడిచినవి నిజాం నియమాలు. సికింద్రాబాద్ కంటోన్మెంటు, రెసిడెన్సీ బజార్ల వంటి చోట్ల మాత్రం బ్రిటిష్ వారి అధికారం నడిచేది. మీ ముత్తాతగారి కాగితాల కోసం చంచల్‌గూడకు వెళితే ఫలితం ఉండదు. రాజమండ్రి మద్రాసు ప్రెసిడెన్సీ జైలు కాబట్టి ముందుగా ఆ జైలు నుంచి బదిలీ అయిన రిజిస్టర్ల ఆచూకీ అడగండి. ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఉత్తర్వులు, జైళ్ల పాలన మీద వార్షిక నివేదికలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడవచ్చు.

ప్రిజన్స్ యాక్ట్ 12వ సెక్షన్ ప్రకారం ప్రతి జైల్లో ఖైదీల ప్రవేశ రిజిస్టరు, ఎవరిని ఎప్పుడు విడుదల చేయాలో చూపే పుస్తకం, శిక్షల పుస్తకం ఉండాలి. ముందు విడుదల పుస్తకం అడగండి. అందులో మొదట రాసిన తేదీ, దాన్ని ఎప్పుడెప్పుడు ఎన్ని రోజులు తగ్గించారో కనిపిస్తే నేను వేసిన లెక్కతో పోల్చుకోండి. ఆయన హిస్టరీ టికెట్ దొరికితే ఇంకా మంచిది, ఓవర్‌సీర్‌గానో వార్డరుగానో నియమించిన తేదీ, ప్రత్యేక రెమిషన్ ఇచ్చి ఉంటే దాని కారణం అందులోనే రాసి ఉంటాయి. విడుదలకు ఆధారంగా 401వ సెక్షన్ పేరుతోనో ప్రభుత్వ ఉత్తర్వు సంఖ్యతోనో ఏదైనా కనిపిస్తే అప్పుడు మాత్రం అర్జీ ఉందేమోనని ఎగ్మూరులో వెతకండి. అది లేకపోతే మీ పెద్దాయనకు ఆ పేజీ నకలు చూపించండి. ఏ పుస్తకం దొరికినా అందులోని తేదీలు ఇక్కడ పెడితే రోజుల లెక్క నేను కూర్చి పెడతాను.